ఉప్పల్–నాచారం చిమ్మటల పోటీకి ఒక అంపైర్ కావాలి

మన నగరపాలక ఎంటమాలజీ విభాగం అధికారులకు, గల్లీ గల్లీ తిరిగే సిబ్బందికి,



మీకు వచ్చే ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే పాట పాడుతుంటాయి. దోమలు ఎక్కువైనయి, పొగబండి పంపండి, నాలాలో మందు కొట్టించండి. ఈ ఉత్తరంలో ఫిర్యాదేమీ లేదు. మాకు ఒక అంపైర్ కావాలి. పురుగు కనబడగానే చెప్పు తియ్యకుండా, అది ఏ పురుగో ముందు అడిగే అంపైర్. పురుగుల చదువు చదివి, మా గుమ్మం దాకా నడిచొచ్చే ఉద్యోగులు మీ దగ్గరే ఉన్నారు కనుక మీకే రాస్తున్నాను.

నాది నాచారం, హెచ్‌ఎంటీ నగర్. ఇక్కడి పారిశ్రామికవాడలో 30 ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. వేల ముక్కల మధ్య తేడాగా ఉన్న ఒక్క ముక్కను పట్టుకోవడమే నా బతుకుదెరువు. నా బామ్మర్దిది ఉప్పల్, మూసీ వైపు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాడు. ఎంత రద్దీలోనైనా తలలు లెక్కపెట్టి, స్టేజీ స్టేజీకీ ఎస్సార్ అనే టికెట్ల లెక్క కాగితం రాసిన చెయ్యి అతనిది. ఇద్దరికీ పని పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

పోటీ మొదలైంది ఒక వీడియోతో. ఒకరోజు పొద్దున బామ్మర్ది తన మేడమీది నూరువరహాల కుండీ దగ్గర తీసిన వీడియో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "బావా, మా ఇంటికి హమ్మింగ్ బర్డ్ వచ్చింది, చూసినవా?" చూశాను. పువ్వు ముందర గాలిలో అట్లాగే నిలబడి, సన్నని గొట్టంతో తేనె పీలుస్తోంది. రెక్కలు కనబడటం లేదు, మసక మాత్రమే కనబడుతోంది. హమ్మింగ్ బర్డ్ అనే పక్షి అమెరికా ఖండాల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా సహజంగా ఉండదని, ఇది చిమ్మట అని చెప్పాను. అతనికి కోపమొచ్చింది. "చిమ్మట పగటీలి ఎందుకొస్తది బావా? దీపం లేనిదే వస్తదా? మీ నాచారంలో పక్షులు లేవని మా పక్షిని పురుగు చేస్తవా?" అన్నాడు. అక్కణ్ణుంచి అది బావ, బామ్మర్దుల పందెమైంది. పగటిపూట ఎగిరే చిమ్మటలు ఏ ఊళ్లో ఎక్కువ రకాలుంటాయి, ఉప్పల్‌లోనా, నాచారంలోనా?

అతని కోపంలో తప్పేమీ లేదు. మన భాషే చిమ్మటను దీపానికి కట్టేసింది. శలభం అనగానే దీపంలో పడి మాడిపోయే ప్రాణి గుర్తొస్తుంది. అదే మాట సంస్కృతంలో మిడతకు కూడా వాడతారు. ఊళ్లో చిమ్మట అంటే కొందరికి బట్టలు కొరికే పురుగు, కొందరికి వానాకాలం రాత్రి మూలన కూర్చుని అరిచే కీచురాయి. సీతాకోకచిలుకకు అంత ముద్దు పేరు పెట్టుకున్నవాళ్లం చిమ్మటకు స్థిరమైన పేరు కూడా ఇవ్వలేదు. రైతులు మాత్రం ఖచ్చితంగా మాట్లాడతారు. ఆముదం మీద దాసరి పురుగు, పొగాకు మీద లద్దె పురుగు, శనగ మీద పచ్చ పురుగు అని పిల్ల దశలోనే పేరు పెట్టి, ఎగిరేదాన్ని "తల్లి పురుగు" అంటారు. కంటికి కనబడే నష్టాన్ని బట్టి పెట్టిన పేర్లివి. నష్టం చెయ్యనివాటికి పేర్లు లేవు. పేరు లేనిది కళ్ల ముందే తిరుగుతున్నా ఎవరికీ కనబడదు.

లెక్క చూస్తే మనం ఎంత తక్కువ చూస్తున్నామో తెలుస్తుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన చిమ్మటలు సుమారు 1,60,000 రకాలు. సీతాకోకచిలుకలు 18,000 దరిదాపు. మన దేశంలో చిలుకలు 1,300 పైచిలుకు ఉంటే, చిమ్మటలు 10,000 దాటాయి. అసలు సీతాకోకచిలుకలంటేనే చాలా కాలం కింద పగటిపూటకు మారిన ఒక చిమ్మట వంశం. అంటే చిలుకలు చిమ్మట ఇంటి ఆడపడుచులే. ఆ ఆడపడుచులు కాక, ఇంకా ఎన్నో చిమ్మట కుటుంబాలు వేటికవే విడివిడిగా పగటి బతుకు నేర్చుకున్నాయి. బ్రిటన్‌లాంటి చల్లని దేశంలో సీతాకోకచిలుకలు 60 రకాల లోపే, పగలు తిరిగే చిమ్మటలు 100 పైనే. మరి మన ఎండకు ఎన్ని ఉండాలి? ఉప్పల్, నాచారాల లెక్క అడిగితే చెప్పేవారెవరూ నాకింకా దొరకలేదు. ఈ ఉత్తరానికి అది కూడా ఒక కారణం.

రాత్రి ఎగిరే చిమ్మటకు గబ్బిలం భయం. పగటికి మారితే గబ్బిలం బాధ తప్పుతుంది కానీ పిట్టల బాధ మొదలవుతుంది. ఎండ వెలుగులో పిట్ట కంటికి చిక్కకుండా బతకాలంటే ఏదో ఒక ఉపాయం ఉండాలి. రెండేళ్లు గల్లీలు తిరిగాక మా ఇద్దరికీ అర్థమైంది ఏమిటంటే, మన పగటి చిమ్మటలు నాలుగు ఉపాయాలతో బతుకుతున్నాయి.

మొదటిది చేదు. నాచారం మల్లాపూర్ దారిలో మూతబడ్డ షెడ్ల ప్రహరీల వెంట జనుము జాతి మొక్కలు మొలుస్తాయి. ఎండిన కాయను ఊపితే గిలకలా మోగుతుంది. వాటి దగ్గర అడుగు వేస్తే తెల్లటి చిన్న చిమ్మట ఒకటి లేచి, నాలుగడుగుల దూరంలో మళ్లీ వాలుతుంది. తెల్లని రెక్కల మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు. పసుపు కుంకుమ డబ్బాలో కుంకుమ చిలకరించినట్టుంటుంది. యుటెథీసా దీని శాస్త్రీయ నామం. దాక్కోవాలన్న ఆలోచనే దానికి లేదు. పిల్ల దశలో ఆ మొక్కలోని విషపు క్షారాలను తిని ఒంట్లో దాచుకుంటుంది, పెద్దయ్యాక ఆ విషమే దానికి కవచం. దీని అమెరికా బంధువు మీద కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్ ఏళ్ల తరబడి పనిచేశారు. సాలెగూట్లో చిక్కిన ఆ చిమ్మటను సాలీడు తినదట. దారాలు తానే కత్తిరించి వదిలేస్తుందట. మగ చిమ్మట జతకట్టేటప్పుడు తన విషంలో కొంత ఆడదానికి ఇస్తుంది, ఆమె దాన్ని గుడ్లకు పంచుతుంది. కన్నవాళ్లు పిల్లలకు విషాన్ని ఆస్తిగా రాసివ్వడం అంటే ఇదే. అదే జనుము కాయల్ని తొలిచే ఇంకో చిమ్మట ఉంది, ఆర్జినా. నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్ల చుక్కలు. అది కూడా పట్టపగలే తిరుగుతుంది.

రెండోది వేషం. తులసికోట పక్కనో, గడ్డిపోచ మీదో నల్లటి ఒళ్లు, పసుపు పట్టీలు, రెక్కల్లో అద్దాల్లాంటి కిటికీలు ఉన్న పురుగు నింపాదిగా కూర్చుని ఉంటుంది. కందిరీగ అని పిల్లలు పరుగెత్తుతారు. దగ్గరికెళ్లి చూస్తే దానికి కొండీ లేదు. అది అమాటా అనే చిమ్మట. కందిరీగలా ఎగరడం కూడా రాదు, బరువు మోస్తున్నట్టు మెల్లగా సాగుతుంది. వానలు వెనకబట్టాక జంటగా తోకలు కలుపుకుని గంటల తరబడి కదలకుండా ఉంటాయి. ఫోటో తీయడానికి ఇంతకన్నా ఓపికైన పురుగు లేదు. మా పోటీలో కొత్తగా చేరే పిల్లలకు మేము మొదట చూపించేది దీన్నే.

మూడోది వేగం. బామ్మర్ది హమ్మింగ్ బర్డ్ ఈ కోవలోదే. మాక్రోగ్లాసమ్ అంటారు. ఈ కుటుంబంలో యూరప్ చిమ్మట ఒకటి సెకనుకు 70, 80 సార్లు రెక్కలాడిస్తుందని కొలిచారు. పిట్ట చూసేలోపు అది ఇంకో పువ్వు దగ్గర ఉంటుంది. నూరువరహాలు, బిళ్లగన్నేరు, లాంటానా పూల దగ్గర పొద్దునా సాయంత్రం కాపు కాస్తే దొరుకుతుంది. ఫోటోకు మాత్రం దొరకదు.

నాలుగోది దాపరికం. గునుగు, తోటకూర, గలిజేరు మొలిచిన ఖాళీ ప్లాటులోకి నడవండి. కాలి ముందు నుంచి ముదురు గోధుమరంగు చిన్న చిమ్మటలు లేస్తాయి. రెక్కకు అడ్డంగా తెల్లని పట్టీ ఉంటుంది. లేచినట్టే లేచి ఆకు కిందికి దూరిపోతాయి. స్పోలాడియా. దాని పిల్లలు తోటకూర ఆకును గూడులా అల్లుకుని తింటాయి కనుక ఆకుకూరల రైతుకు అది పరిచయమే. ఈ ఒక్క చిమ్మట విషయంలో ఉప్పల్‌దే పైచేయి అని ఒప్పుకుంటాను. మూసీ ఒడ్డున ఆకుకూర మళ్లు, పశువులకు కోసే పారా గడ్డి మళ్లు వాళ్ల వైపున్నాయి. మా వైపున్నవి షెడ్లు, వాటి చుట్టూ మొలిచిన పొదలు. అయితే నాచారాన్ని తక్కువ చెయ్యకండి. ఎన్టీ రామారావు గారు ఇక్కడ కట్టుకున్న సినిమా స్టూడియోకు పెట్టిన పేరులోనే హార్టికల్చర్ ఉంది.

ఇక అంపైర్ సంగతి. పోయిన ఏడు బతుకమ్మకు ముందు ఒక వారం ఇద్దరం లెక్కపెట్టాం. వారం చివర నాచారం 9, ఉప్పల్ 9. ఆ ఆదివారమే చిలకానగర్‌లో చుట్టాలింట్లో గృహప్రవేశం. ఉప్పల్‌కు, నాచారానికి నడుమ ఉన్న ఊరు, పేరులోనే చిలుక ఉన్న ఊరు. భోజనాలయ్యాక పెరట్లో గంధరాజం చెట్టు చుట్టూ ఆకుపచ్చటి లావుపాటి పురుగు ఒకటి రొద చేస్తూ తిరుగుతోంది. ఆడవాళ్లు తుమ్మెద అన్నారు. రెక్కలు గాజులాగా, అవతలి ఆకు కనబడేంత పలుచగా ఉన్నాయి. గంధరాజం ఆకుల దగ్గర ఆగి ఆగి, పొట్ట వంచి, గుడ్డు అంటిస్తోంది. సెఫనోడీస్ హైలాస్. కోశం నుంచి బయటికొచ్చినప్పుడు దాని రెక్కల మీద కూడా అన్ని చిమ్మటల్లాగే పొడి ఉంటుంది. మొదటిసారి రెక్కలు గట్టిగా ఆడించగానే ఆ పొడంతా రాలిపోయి గాజు మిగులుతుంది. పుట్టిన రోజే బట్టలు దులుపుకుని సన్యాసం తీసుకున్నట్టు.

దాన్ని ముందు చూసింది నేను. చిమ్మట అని పేరు పెట్టింది నేను. ఫోటో తీసింది బామ్మర్ది. అది ఎగిరిపోయింది ఉప్పల్ వైపు. "రన్ పూర్తి చేసినోళ్లదే రన్ బావా" అంటాడు. 2023 జనవరి 18న శుభ్‌మన్ గిల్ న్యూజిలాండ్ మీద 208 కొట్టిన స్టేడియం తమ ఊళ్లో ఉందని క్రికెట్ రూల్సన్నీ తనకే తెలుసనుకుంటాడు. గుడ్డు ఏ చెట్టుకు పెట్టిందో గమనించినవాడిదే లెక్క అని నేనంటాను. ఈ పదోది ఎవరి ఖాతాలో వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు. దీనికితోడు కొన్ని ఫోటోలు అసలు చిమ్మటవో చిలుకవో తేలడం లేదు. సీతాకోకచిలుక మీసాల చివర అగ్గిపుల్ల తలలాగా బుడిపె ఉంటుంది, చిమ్మట మీసాలు దారంలాగో దువ్వెనలాగో ఉంటాయి అని నేర్చుకున్నాం. తీరా చూస్తే కొన్ని పగటి చిమ్మటల మీసాలు కూడా చివర లావెక్కి మమ్మల్ని మోసం చేస్తున్నాయి. ఇద్దరు ఆటగాళ్లే అంపైర్లయితే ఆట ఎట్లా నడుస్తుంది?

మీరే ఎందుకు అంటే, ఈ నగరానికి పురుగుల చరిత్రలో పెద్ద పేరే ఉంది, అది మీ శాఖ పురుగు వల్లే వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం మీకు తెలిసిందే. రెండేళ్లపాటు ఆయన ఎన్నో దోమల్ని కోసి చూసినా ఏమీ దొరకలేదు, ఎందుకంటే అవి వేరే రకాలు. చివరికి పని జరిగింది రెక్కల మీద మచ్చలున్న రకాన్ని విడిగా గుర్తుపట్టినప్పుడు. దాని శాస్త్రీయ నామం అప్పటికి ఆయనకు తెలియదు. మచ్చల రెక్కల దోమ అని రాసుకున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి, కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని చెయ్యిచ్చాడు. ఆ రోజు గెలిచింది మందు కాదు, మచ్చను మచ్చగా చూసిన కన్ను. పేరు తెలియకపోయినా చూసింది చూసినట్టు రాసుకున్న నోటు పుస్తకం. మేము అడుగుతున్నది కూడా ఆ రెండే.

చంపే చూపు లెక్కపెట్టే చూపుగా మారిన కథ ఇంకొకటి చెబుతాను. అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ రోజు జట్లుగా విడిపోయి తుపాకులతో బయల్దేరేవారు. సాయంత్రానికి ఎక్కువ పిట్టల్ని, జంతువుల్ని చంపి కుప్పపోసిన జట్టు గెలిచినట్టు. 1900లో ఫ్రాంక్ చాప్మన్ అనే పక్షి శాస్త్రవేత్త, పోటీ పోటీగానే ఉంచుదాం, ఈసారి చంపకుండా లెక్కపెడదాం అన్నాడు. ఆ ఏడు 25 చోట్ల 27 మంది మాత్రమే వచ్చారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది. వందేళ్లకు పైగా కూడిన ఆ కాగితాల వల్లే అక్కడ ఏ పిట్ట తగ్గింది, ఏది ఉత్తరానికి జరిగింది అని చెప్పగలుగుతున్నారు. పోటీ అనేది మనిషి ఎట్లాగూ మానడు. దాన్ని ఎటు తిప్పుతామన్నదే ప్రశ్న.

చిమ్మటలకు కూడా ఇలాంటివి మొదలయ్యాయి. 2012లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన జాతీయ చిమ్మటల వారం ఇప్పుడు చాలా దేశాల్లో జూలై చివర జరుగుతోంది. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలు మా ఊళ్లో ఎక్కువ జీవాలా, మీ ఊళ్లో ఎక్కువా అని పందెం వేసుకుంటే, అది పెరిగి నగరాల ప్రకృతి పోటీగా ప్రపంచమంతా పాకింది. అది కూడా బావ, బామ్మర్దుల తగవులాంటిదే. కానీ ఆ తేదీలు మనకు కుదరవు. నగరాల పోటీ ఏప్రిల్ చివర వస్తుంది. అప్పుడు మన గల్లీల్లో మనిషే బయటికి రాడు, మొక్కా ఎండిపోయి ఉంటుంది. జూలై చివరకు మన దగ్గర గడ్డి ఇంకా చిగురే.

కాబట్టి మా ప్రతిపాదన, పెత్రమాసకు ముందరి వారం. ఎంగిలి పూల బతుకమ్మకు ముందు ఏడు రోజులు. వానలు తగ్గుముఖం పట్టి ఎండ కాస్తుంది, గునుగు పూస్తుంది, తంగేడు పూస్తుంది, గడ్డి నడుము దాకా ఉంటుంది. పైగా ఆ రోజుల్లో గునుగు కోసం ఆడవాళ్లు, పిల్లలు ఖాళీ ప్లాట్లలోకి ఎట్లాగూ దిగుతారు. గునుగు చెట్టు దగ్గరికెళ్లినవాళ్ల కాలి కిందే స్పోలాడియా లేస్తుంది. పువ్వు ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో. ఎవరినీ కొత్తగా బయటికి లాగనక్కర్లేదు.

ఇద్దరం కూర్చుని నియమాలు రాశాం. తప్పులుంటే దిద్దండి.

ఒకటి. పట్టకూడదు, కొట్టకూడదు, పిన్ను గుచ్చకూడదు. ఫోటో తీయాలి, లేదా చూసింది చూసినట్టు రాయాలి.

రెండు. ప్రతి నమోదుకు తేదీ, గల్లీ, మొక్క, ఈ మూడూ ఉండాలి. మొక్క పేరు లేకపోతే సగం మార్కులే. చిమ్మట ఎగిరిపోతుంది, మొక్క అక్కడే ఉంటుంది. వచ్చే ఏడు వెతకాలంటే మొక్కే చిరునామా.

మూడు. కొత్త రకానికి 10 మార్కులు. తెలిసిన రకమే కొత్త మొక్క మీద కనబడితే 5.

నాలుగు. సొంతంగా ఎగురుతున్నది, మన అడుగుకు లేచింది వేర్వేరుగా రాయాలి. రెండూ లెక్కే, కానీ ఒకటి కాదు.

ఐదు. గంట వెతికినా ఏమీ కనబడని గల్లీ కూడా రాయాలి. సున్నాకు కూడా 2 మార్కులు. మా ఫ్యాక్టరీలో ఖాళీ గడి వదిలిన రిపోర్టును తిప్పి పంపేవాళ్లం. లేదు అని రాయడం వేరు, చూడలేదు అని వదిలెయ్యడం వేరు.

ఆరు. తన తప్పు తనే పట్టుకుని దిద్దుకున్నవాళ్లకు 5 మార్కులు. ఎదుటివాళ్ల తప్పు పట్టినవాళ్లకు ఏమీ లేదు. ఈ నియమం బామ్మర్దికి నచ్చలేదు.

ఏడు. సీతాకోకచిలుకను తెచ్చి చిమ్మట అని వాదించినవాళ్లు ఇరుపక్షాలకూ ఇరానీ చాయ్ తాగించాలి.

ఎనిమిది. చిలకానగర్‌లో కనబడినవి ఎవరివో అంపైర్ చెబుతారు.

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. "గడ్డి పెంచండి, పురుగుల్ని కాపాడండి అంటున్నారు, రేపు డెంగీ వస్తే మమ్మల్నే కదా అంటారు?" న్యాయమైన ప్రశ్న. మా గల్లీలో డెంగీతో ఆస్పత్రి పాలైన పిల్లల్ని నేనూ చూశాను. దోమల పని ఆపమని మేము అడగడం లేదు. మీ సిబ్బందే మాకు ఏళ్లుగా చెబుతున్న సంగతి గుర్తు చేస్తున్నాను. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మన కూలర్‌లో, మూతలేని డ్రమ్ములో, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిలో. గునుగు చెట్టు మీద కాదు. 2020 వేసవిలో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని ప్రభుత్వం పిలుపిచ్చినప్పుడు ఇల్లిల్లూ నీళ్లు పారబోసింది. ఆ పది నిమిషాలు అయ్యాక ఇంకో పది నిమిషాలు ఇవ్వండి అంటున్నాం. డ్రమ్ములో తోకపురుగు ఉందో లేదో వంగి చూసిన మనిషి, తల ఎత్తి పక్కనున్న తులసి మీద ఏముందో కూడా చూడొచ్చు. నిజానికి పోటీ వల్ల మీ పనే తేలికవుతుంది. పురుగు కోసం ఇంటి చుట్టూ వెతికేవాడికి నిలిచిన నీళ్లు ముందు కనబడతాయి.

పొగ సంగతి కూడా మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పొగకు దోమ, చిమ్మట అనే తేడా తెలియదు, ఎగిరే చిన్న ప్రాణి ఏదైనా దానికి ఒకటే. రోగం ప్రబలినప్పుడు వాడాల్సిన ఆయుధం అది. కేసులున్న చోట తప్పకుండా వాడండి. ఆ వారంలో ఒక గల్లీకి పొగ పెట్టాల్సి వస్తే పెట్టి, ఆ గల్లీ పేరు మాకు చెప్పండి. అక్కడ ముందు ఎన్ని, తర్వాత ఎన్ని, ఎన్నాళ్లకు తిరిగొచ్చాయి అని రాస్తాం. అది మీకే పనికొచ్చే కాగితం.

మేము కోరేవి పెద్దవి కావు. ఆ వారం ఉప్పల్ వైపు ఒకరిని, నాచారం వైపు ఒకరిని అంపైర్లుగా ఇవ్వండి. రోజుకొక గంట చాలు. రోజూ గల్లీలు తిరిగే మీ ఫీల్డ్ సిబ్బందిని కూడా ఆడనివ్వండి, వాళ్ల మార్కులు వాళ్లవే. ప్రతి కాలనీ పార్కులో ఒక మూల, మంచమంత జాగా, ఆ నెల మాత్రం కోయకుండా వదలమని ఉద్యానవన విభాగానికి ఒక మాట చెప్పండి. వచ్చిన లెక్కను జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లో ఉన్న ప్రాణుల గురించి ప్రజలకు తెలిసినదాన్ని అది రిజిస్టరుగా రాయించాలి. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాలు జీవవైవిధ్య సదస్సుకు వచ్చింది మన నగరానికే. అంత పెద్ద సభకు ఆతిథ్యమిచ్చిన ఊళ్లో, గునుగు మీద వాలే ఒక చిన్న చిమ్మటకు ఒక వరుస చోటు దొరకదా?

ఇంకొక లాభం ఉంది. పేర్లు. వారం రోజులు పిల్లలు వెతికితే, ప్రతిదాన్నీ శాస్త్రీయ నామంతో పిలవలేక వాళ్లే పేర్లు పెడతారు. పోయిన ఏడు మా వీధి పిల్లలు యుటెథీసాను కుంకుమ చిమ్మట అన్నారు. అమాటాను ఉత్తుత్తి కందిరీగ అన్నారు. హమ్మింగ్ బర్డ్‌గా చలామణి అయినదానికి మాత్రం మా బామ్మర్ది పేరే పెట్టారు, ఆ పేరు ఇక్కడ రాస్తే ఇంట్లో గొడవలవుతాయి. రైతు పెట్టిన పేర్లు నష్టం నుంచి పుట్టాయి. ఇవి ఆట నుంచి పుడుతున్నాయి. 1892 నుంచి 1896 దాకా హాంప్సన్ నాలుగు సంపుటాల్లో మన దేశపు చిమ్మటల్ని వర్ణించాడు, అందులో ఒక్క తెలుగు పేరైనా ఎట్లా ఉంటుంది? మనం పెట్టి ఉంటే కదా.

చివరిగా, ఈ ఉత్తరం రాయడానికి కారణమైన మనిషి గురించి. పోయిన వానాకాలం మీ సిబ్బందిలో ఒకాయన మా ఇంటికి వచ్చాడు. భుజాన మందు పంపు, చేతిలో టార్చ్. డ్రమ్ములో వెలుగు వేసి చూశాడు, కూలర్ వంచి చూశాడు, కుండీల కింద చూశాడు. గేటు దాకా వెళ్లి, తులసికోట దగ్గర ఆగి, వంగాడు. నేను వెనకే ఉన్నాను. "సార్, ఇది కందిరీగ కాదు. దీనికి కొండీ లేదు. ఏంది ఇది?" అన్నాడు. అమాటా. నాకు దాన్ని గుర్తుపట్టడానికి ఒక ఏడు పట్టింది. ఆయన కొండీ లేదని అర నిమిషంలో చూశాడు. రోజంతా నీళ్లలో మిల్లీమీటరంత తోకపురుగును వెతికే కన్ను కదా. పేరు చెప్పాను, చిమ్మట అన్నాను. ఒక్క క్షణం చూసి నవ్వి, పంపు సర్దుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో కూడా తులసికోట ఉంది. అక్కడ కూడా ఆగాడు, గోడ మీదుగా చూశాను.

మాకు కావాల్సిన అంపైర్ ఆయనే. పేరు అడగడం మరిచిపోయాను. మీ హాజరు పట్టీలో ఉంటుంది, దయచేసి పంపండి.

ఇట్లు,
నాచారం హెచ్‌ఎంటీ నగర్ నుంచి
ఒక రిటైర్డ్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్

తా.క.: ఉత్తరం పంపే ముందు న్యాయంగా ఉంటుందని బామ్మర్దికి చదివి వినిపించాను. అంతా విని, "బాగనే రాసినవ్ బావా, గని ఎస్సార్ ప్రకారం ఉప్పల్ 9 కాదు, 10" అన్నాడు.